కరెంటు పోయి వచ్చిన పొద్దున: కెర్నల్‌నీ లాగిన్ డీమన్లనీ సరైన వరసలో లేపడం

ఒక కాలేజీ కంప్యూటర్ ల్యాబ్‌లో నలభై లినక్స్ మిషన్లు నా చేతిలో ఉండేవి. మామూలు రోజుల్లో అటెండర్ వచ్చి ఒక్కో వరసా ఆన్ చేసుకుంటూ పోతే అన్నీ చక్కగా లేచేవి. కరెంటు పోయి ఒక్కసారిగా వచ్చిన రోజు మాత్రం పదో పన్నెండో మొండికేసేవి. ఒకదాని మీద ఆ పేరుతో యూజరే లేడని వచ్చేది. పక్కదాని మీద లాగిన్ అయ్యేది గానీ హోమ్ ఫోల్డర్ ఖాళీ. ఇంకోచోట ఒకమ్మాయి తన రికార్డు ప్రోగ్రాం తెరవబోతే ఫైళ్ళన్నీ 'నోబడీ' పేరు మీద కనిపించాయి. ఏ మిషన్‌నైనా రీస్టార్ట్ చేస్తే మామూలైపోయేది. ప్రాక్టికల్ పరీక్ష మొదలవడానికి పావుగంట ముందు ఇలా జరిగితే ఎంత టెన్షనో ఆ పని చేసినవాళ్ళకి తెలుసు.

సెట్టింగు తప్పైతే ప్రతిసారీ తప్పే రావాలి. ఒకసారి వచ్చి, రీస్టార్ట్ చేస్తే పోతోందంటే తప్పు వరసలో ఉంది. ఒకరి కోసం ఒకరు ఆగాల్సినవాళ్ళు ఆగకుండా లేస్తున్నారు. చాలామంది దీనికి స్టార్టప్ స్క్రిప్టులో 'స్లీప్ 30' అని ఒక లైను పెట్టి ఊరుకుంటారు. అది మందు కాదు. ముప్పై సెకన్లు ఒక రోజు ఎక్కువవుతాయి, ఒక రోజు చాలవు. ఎంతసేపు ఆగాలని కాదు, దేనికోసం ఆగాలని మిషన్‌కి చెప్పాలి. ఈ గైడ్ అంతా దాని గురించే.

నేను తీసుకున్న సెటప్ ఇది: ఫెడోరా లేదా రెడ్‌హ్యాట్ కుటుంబానికి చెందిన లినక్స్, యూజర్లు ఫ్రీఐపీఏలో గానీ యాక్టివ్ డైరెక్టరీలో గానీ (రెండూ యూజర్ల జాబితాని ఒకచోట ఉంచే డైరెక్టరీ సర్వర్లు), వాళ్ళని మిషన్‌కి పరిచయం చేసేది ఎస్‌ఎస్‌ఎస్‌డి, హోమ్ ఫోల్డర్లు ఎన్‌ఎఫ్‌ఎస్ (నెట్‌వర్క్ మీద ఫైళ్ళు పంచే పద్ధతి) వెర్షన్ 4 సర్వర్ మీద, వాటికి కెర్బరోస్ (టికెట్ చూపించి తానెవరో రుజువు చేసుకునే పద్ధతి) భద్రత. డెబియన్, ఉబుంటులో కొన్ని ఫైళ్ళ చోటు మారుతుంది, సంగతి మారదు. కమాండ్లు, ఫైళ్ళ పేర్లు పలికినట్టు తెలుగులో రాస్తున్నాను. టెర్మినల్‌లో వాటి అసలు ఇంగ్లిష్ స్పెల్లింగే కొట్టాలి.

ఎవరు ఎవరిని పిలుస్తారు

ఎన్‌ఎఫ్‌ఎస్ క్లయింట్ లినక్స్‌కి గుండెకాయైన కెర్నల్‌లోనే ఉంటుంది. కానీ కెర్బరోస్ టికెట్ తెచ్చుకోవడం, ఆ టికెట్లిచ్చే సర్వర్ కేడీసీతో మాట్లాడటం కెర్నల్ తన మీద వేసుకోదు. టికెట్ అవసరమైనప్పుడు బయట నడుస్తున్న ఆర్‌పీసీ-జీఎస్‌ఎస్‌డి అనే డీమన్‌ని (తెర వెనక నడుస్తూ ఉండే ప్రోగ్రాంని) పిలుస్తుంది. ఈ పిలుపుని అప్‌కాల్ అంటారు. అది ఆర్‌పీసీ-పైప్‌ఎఫ్‌ఎస్ అనే చిన్న ఫైల్‌సిస్టమ్‌లోని పైపు గుండా వెళ్తుంది. అవతల జీఎస్‌ఎస్‌డి లేకపోతే కెర్నల్ ఎవరినీ నిద్ర లేపదు. ఏయూటీహెచ్-జీఎస్‌ఎస్ అప్‌కాల్ ఫెయిలైంది, యూజర్ డీమన్ నడుస్తోందో లేదో చూసుకోండి అనే అర్థంతో లాగ్‌లో ఒక లైను రాసి, మౌంట్ (సర్వర్ మీది ఫోల్డర్‌ని ఈ మిషన్‌కి తగిలించడం) అడిగినవాడికి ఎర్రర్ ఇచ్చేస్తుంది.

రెండో పిలుపు పేర్లకి సంబంధించింది. ఎన్‌ఎఫ్‌ఎస్ 4లో సర్వర్ ఫైలు ఓనర్‌ని పేరుతో పంపుతుంది. ఆ పేరుకి ఈ మిషన్ మీద నంబరు ఎంతో కెర్నల్ తను జవాబులు దాచుకునే కీరింగ్ ద్వారా ఎన్‌ఎఫ్‌ఎస్-ఐడీమ్యాప్ అనే ప్రోగ్రాంని అడుగుతుంది. అది ఎస్‌ఎస్‌ఎస్‌డిని అడుగుతుంది. ఆ క్షణానికి ఎస్‌ఎస్‌ఎస్‌డి లేవకపోయినా, లేచి డైరెక్టరీ అందకపోయినా జవాబు 'నోబడీ', అంటే ఎవరో తెలియదని. నష్టం అక్కడితో ఆగదు. ఆ జవాబు కీరింగ్‌లో డిఫాల్ట్‌గా 600 సెకన్లు నిలిచి ఉంటుంది. అంటే అర సెకను తొందరపాటుకి పది నిమిషాల శిక్ష. ఆ అమ్మాయి మిషన్ మీద జరిగింది ఇదే. ఎన్‌ఎఫ్‌ఎస్-ఐడీమ్యాప్‌ని మైనస్ సీ ఆప్షన్‌తో నడిపితే కీరింగ్ ఖాళీ అయి పేర్లు మళ్ళీ సరిగ్గా వస్తాయి. దీనికోసం రీస్టార్ట్ అక్కర్లేదు. రీస్టార్ట్ చేసినా నోబడీయే వస్తుంటే అది వరస సమస్య కాదు, ఐడీమ్యాప్ కాన్ఫిగరేషన్‌లో డొమైన్ పేరు తప్పు.

ఈ రెండు పిలుపులకీ అడుగున నెట్‌వర్క్ ఉంది, గడియారం ఉంది. కెర్బరోస్ డిఫాల్ట్‌గా ఐదు నిమిషాలకి మించిన గడియారం తేడాని ఒప్పుకోదు. మొత్తం వరస ఇలా వస్తుంది: నెట్‌వర్క్, గడియారం, కెర్నల్ మాడ్యూల్ (కెర్నల్‌కి అదనంగా తగిలే ముక్క), జీఎస్‌ఎస్ డీమన్లు, ఎస్‌ఎస్‌ఎస్‌డికి డైరెక్టరీ అందడం, మౌంట్, చివర్న యూజర్లకి తలుపు తీయడం.

సిస్టమ్‌డి భాషలో మూడు సంగతులు

లినక్స్ బూట్‌లో సర్వీసులన్నిటినీ లేపే సిస్టమ్‌డి 2010లో వచ్చింది. మరుసటి ఏడాది ఫెడోరా 15లో, 2015లో డెబియన్ 8లో డిఫాల్ట్ అయింది. అది అన్నిటినీ వీలైనంత వరకు ఒకేసారి లేపుతుంది. అందుకే వరస మనం చెప్పాలి. చెప్పేటప్పుడు ఎక్కువమంది పడే గోతులు మూడు.

మొదటిది: కావాలనడం వేరు, తర్వాత అనడం వేరు. 'రిక్వైర్స్', 'వాంట్స్' అంటే ఫలానాది కూడా లేపు అని అర్థం. 'ఆఫ్టర్', 'బిఫోర్' అంటే వరస. రిక్వైర్స్ ఒక్కటే రాస్తే రెండూ పక్కపక్కనే ఒకేసారి లేస్తాయి. ఆఫ్టర్ ఒక్కటే రాస్తే, అవతలిది అసలు లేపే జాబితాలోనే లేనప్పుడు ఎవరి కోసమూ ఆగదు. దాదాపు ఎప్పుడూ రెండూ జంటగా రాయాలి.

రెండోది: మొదలవడం వేరు, సిద్ధమవడం వేరు. సర్వీస్ టైప్ 'సింపుల్' అయితే ప్రాసెస్ పుట్టిన మరుక్షణమే అది లేచినట్టు లెక్క. 'నోటిఫై' అయితే డీమన్ తనంతట తాను రెడీ అని కబురు పంపేదాకా ఆగుతుంది. 'వన్‌షాట్' అయితే పని పూర్తయ్యేదాకా. మీరు ఆఫ్టర్ అని రాసిన సర్వీస్ సింపుల్ టైప్‌దైతే ఆ ఆఫ్టర్‌కి పెద్ద విలువ లేదు. ముందు సిస్టమ్‌సీటీఎల్ క్యాట్ కొట్టి టైప్ ఏమిటో చూడండి.

మూడోది నాకు ఎక్కువ రోజులు అర్థం కానిది, కాబట్టి కొంచెం నిదానంగా చెప్తాను. యూనిట్ ఫైల్లో (ఒక సర్వీస్‌ని ఎలా లేపాలో సిస్టమ్‌డికి చెప్పే ఫైల్లో) 'కండిషన్‌పాత్‌ఎగ్జిస్ట్స్' అనే లైను ఉండవచ్చు. ఆ ఫైలు లేకపోతే సర్వీస్ లేవదు. కానీ అది ఫెయిల్ కింద రాదు, దాటవేసినట్టు లెక్క. దాని మీద ఆఫ్టర్, రిక్వైర్స్ పెట్టుకున్నవాళ్ళు కూడా ఆగకుండా ముందుకి పోతారు. జీఎస్‌ఎస్‌డి యూనిట్‌లో సరిగ్గా ఇలాంటి షరతే ఉంది: ఈటీసీ ఫోల్డర్‌లో కెర్బరోస్ కీట్యాబ్ ఫైలు (మిషన్ సొంత రహస్య తాళం ఉండే ఫైలు) ఉండాలి. ఒకే డిస్క్ ఇమేజ్‌ని నలభై మిషన్లకీ కాపీ చేసి, మొదటి బూట్‌లో డొమైన్‌లో చేరేలా స్క్రిప్టు పెట్టామనుకోండి. జీఎస్‌ఎస్‌డి వంతు వచ్చేసరికి కీట్యాబ్ ఇంకా పుట్టలేదు, దాటేసింది. నిమిషం తర్వాత కీట్యాబ్ వచ్చింది, కానీ జీఎస్‌ఎస్‌డిని మళ్ళీ ఎవరూ పిలవరు. ఎర్ర లైను ఒక్కటి కూడా లేకుండా మౌంట్లు పడవు. ఇలాంటి మిషన్లకి ఒక పాత్ యూనిట్ రాయండి. కీట్యాబ్ ఫైలు కనబడగానే జీఎస్‌ఎస్‌డిని లేపమని చెప్తే సరిపోతుంది.

మెట్టు 1: ఇప్పుడున్న వరస చూడండి

దేన్నీ ముట్టుకోకముందు ఒక చెడ్డ బూట్ లాగ్ పట్టుకోండి. జర్నల్‌సీటీఎల్‌కి మైనస్ బీ ఇచ్చి, అవుట్‌పుట్ పద్ధతిగా షార్ట్-మోనోటోనిక్ ఇవ్వండి. ప్రతి లైను ముందూ బూట్ మొదలైనప్పటి నుంచి ఎన్ని సెకన్లు గడిచాయో వస్తుంది. మామూలు టైమ్ చూడకండి. గడియారం మధ్యలో సర్దుకుంటే లైన్ల సమయాలు వెనక్కీ ముందుకీ గెంతి మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తాయి. ఎస్‌ఎస్‌ఎస్‌డి, జీఎస్‌ఎస్‌డి, గడియారం సరిచేసే క్రోనీ, నెట్‌వర్క్‌మేనేజర్, మీ మౌంట్ యూనిట్, ఈ ఐదింటి లైన్లూ కెర్నల్ లైన్లతో కలిపి ఒక కాగితం మీద వరసగా రాసుకోండి. అప్‌కాల్ ఫెయిలైన లైను ఏ సెకనులో పడింది, జీఎస్‌ఎస్‌డి ఏ సెకనులో లేచింది? సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

సిస్టమ్‌డి-అనలైజ్ క్రిటికల్-చైన్ కూడా ఉపయోగమే కానీ దాన్ని పూర్తిగా నమ్మకండి. సాకెట్ ద్వారా లేచే సర్వీసులని అది సరిగ్గా లెక్కలోకి తీసుకోదు. సిస్టమ్‌సీటీఎల్ లిస్ట్-డిపెండెన్సీస్‌కి ఆఫ్టర్ ఆప్షన్ ఇస్తే ఒక యూనిట్ ఎవరెవరి కోసం ఆగుతోందో చెట్టులా చూపిస్తుంది. నేను దాన్నే ఎక్కువ వాడతాను.

మెట్టు 2: నెట్‌వర్క్ నిజంగా వచ్చిందా

టార్గెట్ అంటే బూట్ దారిలో ఒక మజిలీ. 'నెట్‌వర్క్.టార్గెట్' అంటే నెట్‌వర్క్ నడిపే సాఫ్ట్‌వేర్ లేచిందని మాత్రమే. ఐపీ వచ్చిందని కాదు. మనకి కావలసింది 'నెట్‌వర్క్-ఆన్‌లైన్.టార్గెట్'. దాన్ని ఎవరో ఒకరు వాంట్స్‌లో అడిగితేనే అది బూట్‌లోకి వస్తుంది. నెట్‌వర్క్‌మేనేజర్-వెయిట్-ఆన్‌లైన్ సర్వీస్ ఎనేబుల్ అయి ఉందో లేదో చూడండి. అది డిఫాల్ట్‌గా 60 సెకన్ల వరకు ఆగుతుంది.

ఇప్పుడు కరెంటు కథలోకి వద్దాం. కరెంటు రాగానే మిషన్లూ లేస్తాయి, స్విచ్చూ లేస్తుంది. స్విచ్ సిద్ధమయ్యాక కూడా పాత పద్ధతి స్పానింగ్ ట్రీలో (స్విచ్‌ల మధ్య ట్రాఫిక్ గుండ్రంగా తిరగకుండా చూసే ఏర్పాటు) ఒక పోర్టుకి లింకు తగిలితే 15 సెకన్లు వింటుంది, ఇంకో 15 సెకన్లు నేర్చుకుంటుంది. ఆ 30 సెకన్లూ ట్రాఫిక్ వదలదు. మిషన్‌కి మాత్రం కేబుల్‌లో లింకు కనిపిస్తూనే ఉంటుంది. డీహెచ్‌సీపీ (ఐపీని సర్వర్‌ని అడిగి తెచ్చుకోవడం) ఉన్న మిషన్ కనీసం ఐపీ కోసం ఆగుతుంది. ఐపీ స్థిరంగా ఇచ్చిన మిషన్ అయితే లింకు కనబడగానే నేను ఆన్‌లైన్ అనేస్తుంది, ప్యాకెట్ ఒక్కటీ బయటికి పోకపోయినా. మా ల్యాబ్‌లో మొండికేసినవన్నీ స్థిర ఐపీ మిషన్లేనని పై కాగితం రాసుకున్నాకే తెలిసింది.

నెట్‌వర్క్ చూసేవాళ్ళతో మాట్లాడి, కంప్యూటర్లు తగిలించే పోర్టులని ఎడ్జ్ పోర్టులుగా, సిస్కో మాటలో పోర్ట్‌ఫాస్ట్‌గా పెట్టించండి. అది వాళ్ళ పని, మన చేతిలో ఉండకపోవచ్చు. అందుకే మెట్టు 4లో మన వైపు నుంచి ఒక కాపలా పెడదాం.

మెట్టు 3: గడియారం

మదర్‌బోర్డు మీద బటన్ బ్యాటరీ అయిపోయిన పాత మిషన్ కరెంటు పోయి వచ్చాక పాత తేదీతో లేస్తుంది. సిస్టమ్‌డి తను తయారైన తేదీ కంటే వెనక్కి ఉన్న గడియారాన్ని ఆ తేదీ దాకా జరుపుతుంది. అందువల్ల 1970 కనిపించకపోవచ్చు, కానీ నెలలో ఏళ్ళో వెనకే ఉంటుంది. ఐదు నిమిషాలకే ఒప్పుకోని కెర్బరోస్ దీన్ని అసలు రానివ్వదు.

క్రోనీ వాడుతుంటే రెండు చూడండి. ఒకటి, దాని కాన్ఫిగరేషన్‌లో మేక్‌స్టెప్ లైను ఉండాలి. ఫెడోరాలో అది 1.0, 3 అని ఉంటుంది. తేడా ఒక సెకను దాటితే మొదటి మూడు అప్‌డేట్లలో గడియారాన్ని ఒక్క గెంతులో సరిచేస్తుంది. ఈ లైను లేకపోతే మెల్లమెల్లగా జరుపుతూ కూర్చుంటుంది. రెండు, 'క్రోనీ-వెయిట్' సర్వీస్‌ని ఎనేబుల్ చెయ్యాలి. గడియారం కుదిరేదాకా ఆగి, అప్పుడు 'టైమ్-సింక్.టార్గెట్' దాటనిచ్చేది అదే. అది ఎనేబుల్ కాకపోతే టైమ్-సింక్ కోసం ఆగుతున్నామని మీరు ఎంత రాసినా నిజానికి దేనికోసమూ ఆగరు. సిస్టమ్‌డి-టైమ్‌సింక్‌డి వాడేవాళ్ళకి ఇదే పని చేసేది సిస్టమ్‌డి-టైమ్-వెయిట్-సింక్.

మెట్టు 4: కేడీసీ పలికేదాకా ఆగే కాపలా

నెట్‌వర్క్ వచ్చిందా, గడియారం కుదిరిందా అని విడివిడిగా అడగడం మంచిదే. కానీ మనకి నిజంగా కావలసిన ప్రశ్న ఒక్కటే: ఈ మిషన్ తన కీట్యాబ్‌తో టికెట్ తెచ్చుకోగలదా? ఆ ప్రశ్ననే సూటిగా అడిగే చిన్న సర్వీస్ రాద్దాం. పేరు కేడీసీ-రెడీ అనుకుందాం.

స్క్రిప్టులో పని ఇంతే: టికెట్ తెచ్చే కమాండ్ కేఇనిట్‌ని మైనస్ కే ఆప్షన్‌తో నడపాలి, టికెట్ కాష్‌ని మెమరీలో పెట్టమనాలి. గెలిస్తే బయటికి రావాలి, ఓడితే రెండు సెకన్లు ఆగి మళ్ళీ అడగాలి. యాక్టివ్ డైరెక్టరీలో అయితే ప్రిన్సిపల్‌గా (కెర్బరోస్‌లో ఖాతా పేరుగా) మిషన్ పేరు చివర డాలర్ గుర్తు పెట్టి ఇవ్వండి. హోస్ట్ అని మొదలయ్యే డిఫాల్ట్ పేరుతో అక్కడ మామూలుగా టికెట్ రాదు. యూనిట్ ఫైలు ఇలా ఉంటుంది:

యూనిట్ భాగంలో
వాంట్స్ = నెట్‌వర్క్-ఆన్‌లైన్.టార్గెట్, టైమ్-సింక్.టార్గెట్
ఆఫ్టర్ = పై రెండూ, ఎస్‌ఎస్‌ఎస్‌డి.సర్వీస్
బిఫోర్ = రిమోట్-ఎఫ్‌ఎస్-ప్రీ.టార్గెట్
కండిషన్‌పాత్‌ఎగ్జిస్ట్స్ = కీట్యాబ్ ఫైలు దారి

సర్వీస్ భాగంలో
టైప్ = వన్‌షాట్
రిమైన్‌ఆఫ్టర్‌ఎగ్జిట్ = యెస్
టైమ్‌అవుట్‌స్టార్ట్‌సెక్ = 120
ఎగ్జెక్‌స్టార్ట్ = స్క్రిప్టు దారి

ఇన్‌స్టాల్ భాగంలో
వాంటెడ్‌బై = రిమోట్-ఎఫ్‌ఎస్.టార్గెట్

అసలు ఫైల్లో పేర్ల మధ్య కామా కాదు, ఖాళీ ఉండాలి. 'రిమోట్-ఎఫ్‌ఎస్-ప్రీ' అనేది నెట్‌వర్క్ మౌంట్లన్నిటికీ ముందుండే గేటు. దాని ముందు కాపలా పెట్టాం కాబట్టి కేడీసీ పలికేదాకా ఏ ఎన్‌ఎఫ్‌ఎస్ మౌంటూ మొదలవదు. రెండు నిమిషాల్లో పలకకపోతే సర్వీస్ ఫెయిలవుతుంది, బూట్ ముందుకి సాగుతుంది. టైమ్‌అవుట్ తప్పకుండా ఇవ్వండి. వన్‌షాట్‌కి డిఫాల్ట్‌గా టైమ్‌అవుట్ ఉండదు. సర్వర్ రూములో కేడీసీ చచ్చిపోతే నలభై మిషన్లూ బూట్ మధ్యలో ఉరి వేసుకుంటాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త. కేఇనిట్ గెలిచింది కదా, గడియారం కూడా సరిగ్గా ఉన్నట్టే అనుకోకండి. ఎంఐటీ కెర్బరోస్ లైబ్రరీ కేడీసీ గడియారంతో తేడాని లెక్కగట్టి సర్దుకోవడానికి చూస్తుంది. కాబట్టి మెట్టు 3ని వదిలేయకూడదు.

మెట్టు 5: ఎస్‌ఎస్‌ఎస్‌డిని ఆపకండి, లేచాక తట్టండి

ఎస్‌ఎస్‌ఎస్‌డికి కూడా నెట్‌వర్క్-ఆన్‌లైన్ తర్వాత అని రాసేయాలనిపిస్తుంది. నేనైతే వద్దంటాను. ఎస్‌ఎస్‌ఎస్‌డిని కట్టిందే నెట్‌వర్క్ లేకపోయినా నడిచేలా. దానికి ముందు కాలంలో యూజర్ల కోసం ఎన్‌ఎస్‌ఎస్-ఎల్‌డాప్ నేరుగా ఎల్‌డాప్ సర్వర్‌ని, అంటే యూజర్ల డైరెక్టరీని, అడిగేది. బూట్ మొదట్లోనే హార్డ్‌వేర్‌ని గుర్తించే యూడెవ్ ఏదో గ్రూప్ పేరు అడిగితే, నెట్‌వర్క్ కార్డు కూడా లేవకముందే ఎల్‌డాప్‌కి ఫోన్ కొడుతూ మిషన్ నిమిషాల తరబడి నిలబడిపోయేది. ఎస్‌ఎస్‌ఎస్‌డి ఆ అవస్థ తీర్చింది. తన కాష్‌లో ఉన్నవాళ్ళకి వెంటనే జవాబిస్తుంది. దాని యూనిట్ నోటిఫై టైప్, పైగా ఎన్‌ఎస్‌ఎస్-యూజర్-లుకప్ టార్గెట్‌కీ, సిస్టమ్‌డి-యూజర్-సెషన్స్‌కీ ముందు లేస్తానని రాసి వస్తుంది. దాన్ని అలాగే ఉండనివ్వండి.

అయితే ఎస్‌ఎస్‌ఎస్‌డి రెడీ అంటే సర్వర్ అందిందని కాదు, జవాబు చెప్పడానికి నేను కూర్చున్నానని మాత్రమే. స్విచ్ పోర్టు మూసి ఉన్న ఆ 30 సెకన్లలో అది సర్వర్‌ని అడిగి ఓడిపోయి ఆఫ్‌లైన్‌కి వెళ్ళిపోతుంది. మళ్ళీ ప్రయత్నం డిఫాల్ట్‌గా 60 సెకన్ల చుట్టూ. ఈలోపు ఆ మిషన్ మీద ఎప్పుడూ కూర్చోని విద్యార్థి వస్తే, కాష్‌లో లేడు కాబట్టి యూజరే లేడంటుంది.

దీనికి చక్కటి మార్గం ఉంది. ఎస్‌ఎస్‌ఎస్‌డికి సిగ్‌యూజర్2 సిగ్నల్ పంపితే వెంటనే ఆన్‌లైన్ అవడానికి ప్రయత్నిస్తుంది. కేడీసీ పలికింది అని మన కాపలాకి తెలిసిన క్షణమే అది ఎస్‌ఎస్‌ఎస్‌డి భుజం తట్టాలి. కేడీసీ-రెడీ యూనిట్‌లో ఎగ్జెక్‌స్టార్ట్‌పోస్ట్ లైను పెట్టి, సిస్టమ్‌సీటీఎల్ కిల్‌తో ఆ సిగ్నల్ పంపండి. మెయిన్ ప్రాసెస్‌కి మాత్రమే అని తప్పనిసరిగా చెప్పండి. ఆ ఆప్షన్ పేరు కిల్-హూమ్, పాత వెర్షన్లలో కిల్-హూ. అది లేకపోతే సిగ్నల్ ఎస్‌ఎస్‌ఎస్‌డి పిల్ల ప్రాసెస్‌లన్నిటికీ పోతుంది, దాన్ని పట్టించుకోవడం తెలియనివి చచ్చిపోతాయి. కాపలా ఎస్‌ఎస్‌ఎస్‌డి తర్వాత అని మెట్టు 4లో రాసింది ఇందుకే.

మెట్టు 6: మాడ్యూల్, జీఎస్‌ఎస్ డీమన్లు, సర్వర్ వైపు సంగతి

క్లయింట్‌లో ఇక్కడ చెయ్యాల్సింది తక్కువ. ఎన్‌ఎఫ్‌ఎస్-యుటిల్స్ ప్యాకేజీతో వచ్చే ఎన్‌ఎఫ్‌ఎస్-క్లయింట్ టార్గెట్‌లో వరస రాసే ఉంటుంది. ఆ టార్గెట్ ఎనేబుల్ అయిందో లేదో, జీఎస్‌ఎస్‌డి యాక్టివ్‌గా ఉందో లేదో చూస్తే చాలు.

సర్వర్‌లో మాత్రం కెర్నల్ ప్రవర్తన తెలుసుకుని తీరాలి. క్లయింట్లు తెచ్చే టికెట్లని పరీక్షించడానికి సర్వర్ కెర్నల్‌కి రెండు దారులున్నాయి: పాత డీమన్ ఆర్‌పీసీ-ఎస్‌వీసీజీఎస్‌ఎస్‌డి, కొత్తది జీఎస్‌ఎస్-ప్రాక్సీ. కొత్త దారి 2013లో కెర్నల్ 3.10తో వచ్చింది. జీఎస్‌ఎస్-ప్రాక్సీ లేచాక ప్రాక్ ఫైల్‌సిస్టమ్‌లో నెట్, ఆర్‌పీసీ ఫోల్డర్ల కింద ఉండే 'యూజ్-జీఎస్‌ఎస్-ప్రాక్సీ' అనే ఫైల్లో 1 అని రాస్తుంది. అది రాయకముందే మొదటి కెర్బరోస్ రిక్వెస్ట్ వచ్చిందనుకోండి. కెర్నల్ పాత దారే అని అక్కడికక్కడే తీర్మానించుకుంటుంది. ఆ తర్వాత జీఎస్‌ఎస్-ప్రాక్సీ వచ్చి 1 రాయబోతే డివైస్ బిజీ అని తిప్పి పంపుతుంది. ఆ నిర్ణయం మార్చాలంటే మామూలుగా రీబూటే. పాత డీమన్ కూడా నడవకపోతే అడిగిన ప్రతి క్లయింటుకీ తిరస్కారమే.

ఇంకో ముడి కూడా ఉంది. ఆ ఫైలు కనిపించాలంటే ముందు ఏయూటీహెచ్-ఆర్‌పీసీజీఎస్‌ఎస్ మాడ్యూల్ లోడ్ అవ్వాలి. అందుకే ప్యాకేజీలో 'ఏయూటీహెచ్-ఆర్‌పీసీజీఎస్‌ఎస్-మాడ్యూల్' అనే బుల్లి సర్వీస్ ఉంటుంది. దాని పని మాడ్యూల్‌ని లోడ్ చేసే మాడ్‌ప్రోబ్ ఒక్కటే, డీమన్లన్నిటికీ ముందు నడుస్తుంది. దేనికీ పనికిరాదనుకుని దాన్ని అసలు లేవకుండా మాస్క్ చేసేవాళ్ళున్నారు, చెయ్యకండి. ఎన్‌ఎఫ్‌ఎస్-సర్వర్ యూనిట్‌లో వరస సరిగ్గానే రాసి ఉంటుంది. దాన్ని దాటి సొంత స్క్రిప్టులతో ఎన్‌ఎఫ్‌ఎస్ సర్వర్‌ని ముందే లేపేవాళ్ళకే ఈ చిక్కు. నడుస్తున్న సర్వర్ మీద జీఎస్‌ఎస్-ప్రాక్సీని కొత్తగా ఇన్‌స్టాల్ చేసినవాళ్ళకీ ఇదే. బూట్ తర్వాత ఆ ఫైల్లో 1 ఉందో లేదో చూడటం అలవాటు చేసుకోండి.

మెట్టు 7: మౌంట్

మౌంట్ల జాబితా ఉండే ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో హోమ్ లైనుకి 'ఎక్స్-సిస్టమ్‌డి.ఆటోమౌంట్' పెట్టమని నా సలహా. అప్పుడు ఆ ఫోల్డర్‌ని ఎవరైనా ముట్టుకున్నప్పుడే అసలు మౌంట్ జరుగుతుంది. ఒకసారి ఫెయిలైనా తర్వాతివాడు ముట్టుకున్నప్పుడు మళ్ళీ ప్రయత్నిస్తుంది. బూట్‌లో ఒక్కసారి అడిగి వదిలేసే మౌంట్ కంటే ఇది ఎంతో మేలు. దానితోపాటు 'ఎక్స్-సిస్టమ్‌డి.రిక్వైర్స్' కింద ఆర్‌పీసీ-జీఎస్‌ఎస్‌డి సర్వీస్ పేరు ఇవ్వండి. ఇక్కడ మాత్రం అది వరసని కూడా కలిపే తెస్తుంది. 'నోఫెయిల్' పెట్టేముందు ఆలోచించండి. అది పెడితే రిమోట్-ఎఫ్‌ఎస్ టార్గెట్ ఆ మౌంట్ కోసం ఆగడం మానేస్తుంది.

మెట్టు 8: తలుపు చివర్న తెరవండి

బూట్ మొదట్లో రన్ ఫోల్డర్‌లో 'నోలాగిన్' అనే ఫైలు పుడుతుంది. అది ఉన్నంతసేపూ రూట్ తప్ప ఎవరూ లోపలికి రాలేరు, మిషన్ ఇంకా లేస్తోంది, కాసేపాగి రండి అన్న కబురు కనిపిస్తుంది. ఆ ఫైలుని తీసేసేది సిస్టమ్‌డి-యూజర్-సెషన్స్ సర్వీస్. అది రిమోట్-ఎఫ్‌ఎస్ కోసమూ ఎన్‌ఎస్‌ఎస్-యూజర్-లుకప్ కోసమూ ఎలాగూ ఆగుతుంది. కానీ మనం ఆటోమౌంట్ పెట్టాం కాబట్టి అక్కడ ఆగడానికి ఏమీ మిగల్లేదు. అందుకని సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్‌తో దానికి ఒక డ్రాప్-ఇన్ (అసలు యూనిట్ ఫైలుని ముట్టుకోకుండా దానికి చేర్చే చిన్న ఫైలు) రాసి, వాంట్స్‌లోనూ ఆఫ్టర్‌లోనూ కేడీసీ-రెడీ పేరు చేర్చండి. రిక్వైర్స్ వద్దు. కేడీసీ నిజంగానే చచ్చి ఉంటే రెండు నిమిషాల తర్వాతైనా తలుపు తెరుచుకోవాలి, కాష్‌లో ఉన్నవాళ్ళైనా లోపలికి రావాలి. జీడీఎం లాగిన్ స్క్రీన్ కూడా ఈ సర్వీస్ తర్వాతే వస్తుంది. అందువల్ల విద్యార్థికి పేరు కొట్టే పెట్టె కనిపించిందంటే దాదాపుగా అంతా సిద్ధంగా ఉన్నట్టే.

డ్రాప్-ఇన్‌తో వరసలని చేర్చగలం గానీ, ప్యాకేజీ రాసిన ఆఫ్టర్‌ని తీసేయలేం. తీసేయాల్సి వస్తే యూనిట్ ఫైలుని మొత్తంగా ఈటీసీ కిందికి కాపీ చేసి మార్చాలి. ఆ తర్వాత ప్యాకేజీ అప్‌డేట్లు దానికి అందవు. సిస్టమ్‌డి-డెల్టా కొడితే మీరు ఎక్కడెక్కడ మార్చారో చూపిస్తుంది. ప్రతి పెద్ద అప్‌డేట్ తర్వాత ఒకసారి కొట్టండి.

వలయం పడితే

ఏ ముందు బీ, బీ ముందు సీ, సీ ముందు ఏ అని తెలియకుండా రాసేస్తాం. సిస్టమ్‌డి అలాంటి వలయం చూస్తే బూట్ ఆపదు. అందులో ఒకదాన్ని జాబితాలోంచి కొట్టేసి ముందుకి పోతుంది. కొట్టేసింది ఎస్‌ఎస్‌ఎస్‌డి అయితే ఆ బూట్‌లో అది లేవదు. జర్నల్‌లో 'ఆర్డరింగ్ సైకిల్' అన్న మాట కోసం వెతకండి. కొత్త యూనిట్ రాసిన ప్రతిసారీ రీబూట్‌కి ముందే సిస్టమ్‌డి-అనలైజ్ వెరిఫై నడపండి.

కావాలని చెడగొట్టి చూడండి

మంచి రోజున పది రీబూట్లు చేసి బాగుందనుకుంటే ఏమీ తేలదు. ఒక మిషన్ తీసుకుని ఒక్కో డీమన్‌నీ కావాలని ఆలస్యం చెయ్యండి. జీఎస్‌ఎస్‌డికి డ్రాప్-ఇన్‌లో ఎగ్జెక్‌స్టార్ట్‌ప్రీగా స్లీప్ 20 పెట్టి బూట్ చెయ్యండి. తర్వాత అది తీసేసి ఎస్‌ఎస్‌ఎస్‌డికి పెట్టండి. స్లీప్‌కి ఈ పనిలో తగిన చోటు ఇదొక్కటే. కేబుల్ పీకి ఆన్ చేసి, నలభై సెకన్లకి తగిలించండి. హార్డ్‌వేర్ గడియారాన్ని రెండు రోజులు వెనక్కి పెట్టి బూట్ చెయ్యండి. ఆ మిషన్ మీద ఎప్పుడూ లాగిన్ కాని టెస్ట్ యూజర్‌తోనే ప్రతిసారీ లోపలికి వెళ్ళండి. వెళ్ళాక హోమ్‌లో ఎల్‌ఎస్ మైనస్ ఎల్ కొట్టి ఓనర్ పేరు చూడండి.

అన్నీ నెగ్గాక చివరి పరీక్ష: సాయంత్రం ల్యాబ్ ఖాళీ అయ్యాక, ఫైళ్ళ సర్వర్ యూపీఎస్ మీద ఉందని చూసుకుని, మిషన్లన్నీ షట్‌డౌన్ చేసి, గది మెయిన్ స్విచ్ దించండి. బయాస్‌లో కరెంటు రాగానే ఆన్ అయ్యే సెట్టింగు ఉన్నట్టు ముందే చూసుకోండి. కొన్ని మిషన్లు పద్ధతిగా షట్‌డౌన్ చేశాక కూడా లేవాలంటే ఆ సెట్టింగు 'పవర్ ఆన్' అనే ఉండాలి, 'లాస్ట్ స్టేట్' అని ఉంటే లేవవు. నిమిషం ఆగి స్విచ్ ఎత్తండి. నలభై స్క్రీన్ల మీదా పేరు కొట్టే పెట్టె ఎప్పుడు వస్తోందో గడియారం పెట్టి చూస్తూ, వరసకి రెండు మిషన్ల చొప్పున ఆ టెస్ట్ యూజర్‌తో లాగిన్ అవండి.